కాగితం మీద ప్రూఫ్, కంప్యూటర్‌లో ప్రూఫ్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో తెలుగు ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు చూడటానికి తీసే ప్రతులు, దిద్దడం నా పని. శుభలేఖలు, సంఘాల సావనీర్లు, గుడి కరపత్రాలు, అప్పుడప్పుడూ ఏ రిటైర్డ్ మాస్టారో రాసుకున్న పద్యాల పుస్తకం. చాలా మేటర్‌కి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉంటుంది. పార్టీల (అచ్చు పని ఇచ్చేవాళ్ల) నుంచీ, టైపు కొట్టే కొత్త ఆపరేటర్ల నుంచీ రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ చెప్తాను.

అపోహ: ప్రింటు తీసి చూస్తేనే తప్పులు దొరుకుతాయి.

ఇది ఊరికే పుట్టిన నమ్మకం కాదు. 1984లో ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో జాన్ గౌల్డ్ బృందం ప్రూఫ్ రీడింగ్ మీద ప్రయోగం చేస్తే, అప్పటి సీఆర్‌టీ తెర (పాత టీవీ లాంటి గాజు తెర) మీద పని కాగితం కంటే బాగా నెమ్మదిగా సాగింది. 1987లో వాళ్లే మంచి తెర మీద, తెల్లటి వెలుగులో నల్లటి నున్నని అక్షరాలు పెట్టి చూస్తే వేగం కాగితంతో సమానంగా వచ్చింది. అంటే అప్పటి తంటా చాలావరకు తెరది. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది, అందులో సమాచారం ఇచ్చే పాఠాలు, అదీ టైము తక్కువైనప్పుడు, కాగితం మీదే బాగా అర్థమవుతాయని తేలింది. కథల దగ్గర తేడా కనపడలేదు. కానీ అది చదివింది అర్థమవడం గురించి. వత్తు పోయిందా, దీర్ఘం పోయిందా అని వెతకడం వేరే పని, ఈ రెండూ కలిపేసి వాదించేవాళ్లే ఎక్కువ.

ఇక తెలుగులో కాగితం ఎంత చూసినా పట్టివ్వని తప్పులు ఉన్నాయి. పూర్ణానుస్వారం ‘ం’ బదులు తెలుగు అంకె సున్న ‘౦’ కొట్టేస్తారు. చాలా ఫాంట్లలో ప్రింటులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, భూతద్దం పెట్టినా లాభం లేదు. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరువేరు అక్షరాలు, అందుకే ‘వివాహం’ అని వెతికితే పేజీలో కళ్లెదురుగా ఉన్న మాట కూడా దొరకదు. విసర్గ బదులు కోలన్ పెట్టడం ఇంకోటి: ‘దుఃఖం’ కాస్తా ‘దు:ఖం’ అవుతుంది. నేను ఫైలు తెరవగానే చేసే మొదటి పని ఫైండ్‌లో అంకె సున్న, ఆ తర్వాత కోలన్, ఆ తర్వాత వరసగా రెండు స్పేసులు వెతకడం. ఒక్కొక్కటీ చూసి మార్చాలి, ‘రీప్లేస్ ఆల్’ కొడితే ‘సమయం:’ పక్కన ఉన్న అసలు కోలన్లు కూడా విసర్గలైపోతాయి.

అపోహ: స్పెల్‌చెక్ ఎర్ర గీత లేకపోతే తప్పు లేనట్టే.

తెలుగులో దీన్ని నమ్మకండి. సంధులూ విభక్తులూ అంటుకున్న మాటల్ని స్పెల్‌చెక్ తప్పంటుంది, ‘వరం’ కావాల్సిన చోట ‘వారం’ ఉంటే ఒప్పుకుంటుంది. మా వైపు ఇంకో చిక్కు ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓ లకూ లేవు. ఒడియా బడిలో చదివి తెలుగు టైపింగ్ నేర్చిన కుర్రాడు ‘మేము’ని ‘మెము’ అని కొడతాడు, ‘కోట’ని ‘కొట’ అంటాడు. తప్పు వాడిది కాదు, చేతికి అలవాటు లేదంతే. మాట మాటకీ ఎర్ర గీతలుంటే వీటి కింద గీత ఎవడు చూస్తాడు? పైగా పేర్లు. ఒడియా నుంచి తెలుగులోకి దింపిన ఇంటిపేరులో దీర్ఘం ఉందో లేదో ఆ ఇంటివాళ్లనే అడగాలి.

అపోహ: ఫోన్‌లో పీడీఎఫ్ చూసి ఓకే అంటే సరిపోతుంది.

సరిపోదు. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే పేజీలో మూల ఒక్కటే కనిపిస్తుంది. ఆదివారం అని వేసిన తేదీ నిజంగా సోమవారమని, తెలుగు పక్క ముహూర్తం ఉదయం అని ఉండి ఒడియా పక్క రాత్రి అని ఉందని తెలియాలంటే రెండు పక్కలూ బల్ల మీద పరిచి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూడాలి. పాత ప్రెస్సుల్లో కాపీ హోల్డర్ అని ఒక మనిషి ఉండేది ఇందుకే. ఇప్పుడు మనిషి దొరక్కపోతే ఫోన్‌లో తెలుగు చదివి వినిపించే సదుపాయం వాడుకోండి, ఎగిరిపోయిన మాట చెవికి ఠక్కున తగులుతుంది. ప్రింటర్ లేదా? ఫాంటు మార్చి, అక్షరం పెంచి, లైను పొడవు తగ్గించి చదవండి. కాగితం చేసే మేలులో చాలా భాగం ఇదే, అలవాటైన పేజీ కొత్తగా కనపడటం.

అపోహ: ట్రాక్ చేంజెస్‌లో ‘యాక్సెప్ట్ ఆల్’ కొడితే పని అయిపోయినట్టే.

ఎవరు ఏం దిద్దారో ఫైల్లో చూపించేది ట్రాక్ చేంజెస్, ఆ దిద్దుబాట్లన్నీ ఒక్కసారే ఒప్పుకునే బటన్ ‘యాక్సెప్ట్ ఆల్’. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఇద్దరు దిద్దిన ఫైల్లో ‘రాజుగారికికి’ లాంటివి మిగులుతాయి. ఇంకో సంగతి, చాలా ప్రోగ్రాముల్లో బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం మొత్తం పోదు, దాని చివరి ముక్క ఒక్కటే పోతుంది. గుణింతం పోయి వత్తు ఉండిపోతుంది. అన్నీ ఒప్పుకున్నాక శుభ్రమైన కాపీని మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. కాగితం మీద దిద్దినా ఇదే బాధ, ఆపరేటర్ ఒక తప్పు సరిచేస్తూ పక్కన ఇంకోటి పెడతాడు, కాబట్టి సెకండ్ ప్రూఫ్‌లో దిద్దిన లైనుతో పాటు దాని పై లైనూ కింది లైనూ చూడండి.

అపోహ: అంతా కంప్యూటర్‌లోనే అయ్యాక ఇంక కాగితం దండగ.

వెతుకుడంతా కంప్యూటర్‌లోనే చేయండి, నేనూ అంతే. ఆఖరి ప్రూఫ్ మాత్రం అసలు సైజులో ప్రింటు తీస్తాను. అంచులు, మడత, పేజీ నంబర్లు తెర మీద నాకు సరిగ్గా తెలియవు. ఇంకో కారణం కూడా ఉంది: ఆఫ్‌సెట్ ప్లేటు (అచ్చు వేసే రేకు) తయారయ్యాక తప్పు బయటపడితే కొత్త ప్లేటు డబ్బులు ఎవరివన్న గొడవ మొదలవుతుంది, అప్పుడు వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ చూపిస్తే ‘నేను ఫోటో ఒక్కటే చూశానండీ’ అంటారు. అందుకే ఆ ప్రింటు మీద పార్టీ చేత ‘ఓకే’ రాయించి, తేదీ వేసి, సంతకం పెట్టించుకున్నాకే ఫైలు ప్లేటుకు పంపుతాను.