అప్పజెప్పండి, ఆ తర్వాతే ఎగరండి

తెర మీద శంషాబాద్ విమానాశ్రయం, రాత్రి తొమ్మిదిన్నర. నేను ఆడుతున్నది విమానం నడిపే ఆట, ఫ్లైట్ సిమ్యులేటర్. విమానం, దీపాలు, రన్‌వే అన్నీ నా కంప్యూటర్ గీసిన బొమ్మలే. హెడ్‌ఫోన్‌లో పలికిన గొంతు మాత్రం నిజమైన మనిషిది. ఎక్కడో తన ఇంట్లో కూర్చుని, ఆ పూటకు శంషాబాద్ కంట్రోలర్, అంటే విమానాలకు రేడియోలో దారి చెప్పే మనిషి, బాధ్యత తీసుకున్న స్వచ్ఛంద సేవకుడాయన. బెంగళూరుకు నా దారి, మొదట ఎక్కాల్సిన ఎత్తు, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానం గుర్తింపును పంపే పరికరంలో) పెట్టాల్సిన నాలుగంకెలు గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. నేను తిరిగి చెప్పాను. ఎత్తు దగ్గర 6,000 అడుగులకు బదులు 5,000 అన్నాను. "కాదు, 6,000" అని ఆయన ఆ ఒక్క ముక్క మళ్లీ చెప్పారు. నా నోట సరిగ్గా పలికేదాకా వదల్లేదు.

దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, పంతులుగారికి పద్యం అప్పజెప్పడం. పైలట్ ఏకసంథాగ్రాహి కానక్కర్లేదు, పక్కన కాగితం, కలం ఉంటే చాలు. కానీ విన్నది పొల్లుపోకుండా అప్పజెప్పాలి, అవతలివారు దాన్ని చెవి ఒగ్గి వినాలి. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగానికి విలువ లేదు.

సిమ్యులేటర్‌తో పాటే వచ్చే కంప్యూటర్ కంట్రోలర్ దగ్గర ఈ అభ్యాసం దొరకదు. అక్కడ తెర మీద జవాబులు వరుసగా కనిపిస్తాయి. మనం విన్నా వినకపోయినా ఒక మీట నొక్కితే, కంప్యూటరే మన బదులు తప్పులేని జవాబు పలుకుతుంది. అందుకే సిమ్యులేటర్ ఆడేవారిని ఇంటర్నెట్‌లో కలిపే, 2001లో మొదలైన వాట్సిమ్ లాంటి ఉచిత నెట్‌వర్కులు నాకు అంత విలువైనవిగా తోస్తాయి. అక్కడ కంట్రోలర్లు, పైలట్లు ఇద్దరూ మనుషులే. కంట్రోలర్లు నెలల తరబడి శిక్షణ పొంది, పరీక్షలు దాటి ఆ కుర్చీలో కూర్చుంటారు.

అప్పజెప్పడం ఎందుకంత ముఖ్యమో 1977 మార్చి 27 చెబుతుంది. కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయం, దట్టమైన పొగమంచు. డచ్ సంస్థ కేఎల్ఎం విమానం రన్‌వే మీద కదిలిపోతూ "ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం" అన్న అర్థం వచ్చేలా చెప్పింది. కంట్రోలర్ ముందు "ఓకే" అన్నారు. ఆ తర్వాత "ఆగండి, నేను పిలుస్తాను" అన్నారు. అదే క్షణంలో, ఇంకా అదే రన్‌వే మీద ఉన్న అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం కూడా మాట్లాడింది. రెండు మాటలు ఒకదానిమీద ఒకటి పడి, కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమన్న శబ్దమే మిగిలింది. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాత నుంచి "టేకాఫ్" అన్న మాటను నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చినదాన్ని రద్దు చేసేటప్పుడో మాత్రమే వాడతారు. మిగతా సందర్భాల్లో "డిపార్చర్" అంటారు. "ఓకే" అన్న ఒక్క ముక్క రీడ్‌బ్యాక్ కాదు.

ఆ కీచు శబ్దం వెనక భౌతికశాస్త్రం ఉంది. విమాన రేడియో ఏఎం పద్ధతిలో పనిచేస్తుంది. ఎఫ్‌ఎం అయితే బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండో మనిషి మాట్లాడిన సంగతే తెలియదు. ఏఎంలో రెండూ కలిసి గోల అవుతాయి. వినలేకపోయినా, ఏదో వినకుండా పోయిందని తెలుస్తుంది. వాట్సిమ్ 2019లో తెచ్చిన కొత్త ధ్వని వ్యవస్థ ఈ గోలను కూడా అలాగే వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు టెనెరిఫె గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

ఇక ట్రాన్స్‌పాండర్ నాలుగంకెలు. అందులో 8, 9 ఎప్పుడూ రావు. ఒక్కో అంకెను మూడు బిట్లతో (ఒక్కో బిట్ అంటే సున్నా లేదా ఒకటి) పంపుతారు, మూడు బిట్లకు సున్నా నుంచి 7 దాకానే చోటు. మొత్తం 4,096 సంఖ్యలు. 7600 అంటే రేడియో పోయింది, 7700 అంటే ఆపద. హైజాక్‌కు వాడే 7500ను వాట్సిమ్‌లో పెట్టనే కూడదు.

విమానంలో ఎత్తు కొలిచే పరికరం గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. దానికి ఇచ్చే స్థానిక గాలి ఒత్తిడి సంఖ్యను కూడా అప్పజెప్పాలి. సిమ్యులేటర్‌లో కీబోర్డు మీద "బి" నొక్కితే అది దానంతటదే సరిపోతుంది కాబట్టి చాలామంది వినడం మానేస్తారు. కానీ ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడి కొలత) తేడా వస్తే, నేలకు దగ్గర్లో సుమారు 27 అడుగుల ఎత్తు తేడా వస్తుంది. 1003 అన్నది 1013గా వినబడి అదే పెట్టుకుంటే, ఆ పరికరం చూపే ఎత్తుకంటే సుమారు 270 అడుగులు కింద ఎగురుతుంటాం. మబ్బుల్లో కొండలవైపు దిగేటప్పుడు అది ఎంత దూరమో ఊహించుకోవచ్చు.

ఆ రాత్రి నేను బెంగళూరు చేరేసరికి అక్కడ కంట్రోలర్ ఎవరూ లేరు. అలాంటప్పుడు పైలట్లు 122.800 అనే ఉమ్మడి రేడియో ఫ్రీక్వెన్సీ మీద ఎవరి స్థానం వారే చెప్పుకుంటూ దిగాలి. నా ఎత్తు, దిగబోయే రన్‌వే చెప్పాను. కాసేపటికి చెన్నై వైపు నుంచి వస్తున్న మరో పైలట్ పలికారు. 7,000 అడుగుల్లో ఉన్నానని, నా తర్వాత దిగుతానని చెప్పారు. అప్పజెప్పమని అడిగేవారు లేరు. అయినా 7,000 అని కాగితం మీద రాసుకుని, మీట నొక్కి, ఆ అంకెను తిరిగి చెప్పాను.