చెరువు నిండకపోతే తప్పు వానదేనా?

చెరువుల మరమ్మతు పనుల మీద ఊళ్లు తిరుగుతుంటాను. తెలంగాణలో ఏ కట్ట ఎక్కినా వినిపించే మాటలివి.

అపోహ: వానలు తగ్గాయి, అందుకే చెరువు నిండట్లేదు.

వాస్తవం: కొన్ని సంవత్సరాల్లో అది నిజమే. అయినా నేను ముందు వర్షపాతం లెక్క అడగను, ఎగువకు నడుస్తాను. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. నడుమ కాలువను చదును చేసి పొలంలో కలుపుకున్నా, రోడ్డు కింద సన్నటి పైపు వేసి సరిపెట్టినా గొలుసు అక్కడే తెగుతుంది.

ఇక బోర్లు. మన నేల అడుగున ఎక్కువ చోట్ల గ్రానైటే. నీళ్లు నిలిచేది పైనున్న మెత్తబడిన రాతి పొరలో, దాని కింది పగుళ్లలో. ఎండాకాలంలో బోర్లు ఆ పొరను ఖాళీ చేస్తే, తొలి వానలు చాలావరకు దాన్ని నింపడానికే పోతాయి. వాగుకు ఊట ఆలస్యంగా మొదలై తొందరగా ఆగిపోతుంది. వాన అంతే పడినా చెరువుకు వచ్చేది తగ్గుతుంది. దీన్ని ఒప్పించడమే నాకు అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే వినేవాళ్లలో చాలామందికి బోరుంది.

అపోహ: ఎంత లోతు తవ్వితే అన్ని నీళ్లు.

వాస్తవం: చెరువు బావి కాదు. తూము (కాలువకు నీళ్లు వదిలే దారి) కన్నా కిందున్న నీరు దానంతటది కాలువకెక్కదు. పశువులకు, చేపలకు పనికొస్తుంది, ఆయకట్టుకు కాదు. 2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలుకున్నారు, అది మంచి పనే. మట్టి అమ్ముకోవడానికి గోతులు పెట్టడం వేరే సంగతి.

అపోహ: పాతవాళ్లు ఏదో ఉజ్జాయింపుగా కట్టారు.

వాస్తవం: కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెప్పింది. కట్ట కారడం, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక ఉండడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం ఆ దోషాల్లోవే. ఆ చివరిది మా ఎస్టిమేట్లలో ఇప్పటికీ దొర్లుతుంది!

అపోహ: పదేళ్లుగా ఎండిన శిఖంలో (చెరువు నిండితే మునిగే భూమిలో) ఇల్లు కట్టుకుంటే ఏం?

వాస్తవం: పల్లం ఎండినా పల్లమే. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ చెరువు శిఖాల్లో మునిగిన కాలనీలను అడగండి.

అపోహ: ఏ చెట్టు నాటినా నీటికి మేలే.

వాస్తవం: చెరువు ఎగువన జామాయిల్ తోట వేస్తే వాగుకు రావలసిన నీళ్లు అదే తాగేస్తుంది. కట్ట మీద మొలిచిన తుమ్మ సంగతి కూడా చూడాలి. మొక్కగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకించండి. పెరిగాక మొదలు నరికి వదిలేస్తే, వేరు కుళ్లిన దారి వెంటే కట్ట కారడం మొదలవుతుంది.