తెలుగువాళ్ల తరఫున ఒక నమస్తే

మొన్న రాత్రి భవానీపురంలో మా మేడ మీద మా అమ్మాయి ఫోన్‌లో ఒక పాత రికార్డింగు వినిపించింది. నమస్తే అని, తెలుగు మాట్లాడే జనం నుంచి శుభాకాంక్షలు చెప్పి ఆగిపోయింది. చాప మీద కూర్చున్న మా అమ్మ, "బాగున్నారా అని అడగలేదేమే?" అంది.

1977లో నాసా అంతరిక్షంలోకి పంపిన రెండు వాయేజర్ నౌకల్లో, వేరే లోకాల వాళ్లెవరికైనా దొరికితే వింటారని పెట్టిన, బంగారు పూత వేసిన రాగి రికార్డులున్నాయి. వాటిలోని 55 భాషల పలకరింపుల్లో తెలుగు ఒకటి; మేం విన్నది అదే.

అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకా అని గుళ్లో రోజూ వినే మనకు వేరే లోకాలుంటాయంటే వింతేమీ కాదు. రోమ్‌లో మాత్రం 1600లో బ్రూనో అనే తాత్వికుణ్ణి సజీవంగా కాల్చేశారు. లోకాలు అనేకమన్నాడన్నది ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి. 1950లో భోజనాల దగ్గర భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ, ఆ లోకాల వాళ్లంతా ఏరీ అని అడిగాడు. 1960లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రేడియో టెలిస్కోపును రెండు నక్షత్రాల వైపు తిప్పి చెవి ఒగ్గాడు. జవాబు లేదు.

వినడం వేరు, పలకరించడం వేరు. 1974 నవంబరు 16న ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం వైపు 1,679 బిట్ల (సున్నాలు, ఒకట్ల) సందేశం పంపినప్పుడు బ్రిటన్ శాస్త్రవేత్త మార్టిన్ రైల్ అభ్యంతరం చెప్పాడు. అవతల ఎవరుంటారో, ఎలాంటివారో తెలియకుండా మన ఉనికి చాటుకోవడం ప్రమాదమన్నాడు. నన్ను ఇంకా పట్టి ఉంచేది ఇంకో సంగతి: ఊరందరి తరఫున ఉత్తరం రాసేవాడు ఊళ్లో ఎవరినడిగాడు?

ఏం రాయాలన్నదీ చిక్కే. వాయేజర్ రికార్డులో యుద్ధం, రోగం, పేదరికం బొమ్మలు కావాలనే పెట్టలేదు. 1977 సెప్టెంబరు 5న వాయేజర్ 1 బయల్దేరింది. రెండున్నర నెలలకు, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. అమ్మ వాళ్లది అవనిగడ్డ దగ్గర పల్లె. ఆ వారం గుంటూరులో ఉన్న మేనమామకు కార్డు రాద్దామని కూర్చుని, 'ఇక్కడ మేమంతా క్షేమం' అన్న మొదటి ముక్క దగ్గరే కలం ఆగిపోయిందని ఇప్పటికీ చెబుతుంది. మంచి మాత్రమే చెప్పిన ఆ రికార్డు నా దృష్టిలో సగం ఉత్తరమే. కష్టం కూడా చెప్పుకుంటేనే అవతలివాడికి మనం తెలుస్తాం.

వేరే లోకం నుంచి సంకేతం వస్తే అంతర్జాతీయంగా సంప్రదించకుండా జవాబివ్వకూడదని 1989లో శాస్త్రవేత్తలు ఒక ఒడంబడిక రాసుకున్నారు. అది చట్టం కాదు. మనంతట మనం ముందుగా పలకరించవచ్చా అన్నది ఇంకా తేలలేదు.