అద్దాన్ని జరిపి కాలాన్ని కొలవడం: అపోహలు - వాస్తవాలు

అతిస్వల్పకాల లేజర్ ప్రయోగాలు చేసే నన్ను విద్యార్థులు తరచుగా అడిగే సందేహాలివి.

అపోహ: ఫెమ్టోసెకన్లను కొలవాలంటే అంత వేగంగా పనిచేసే గడియారం ఉండాలి.

వాస్తవం: సాధారణ ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, దరిదాపుల్లోనే ఆగిపోతాయి; ఫెమ్టోసెకను అందులో వెయ్యోవంతు. అందువల్ల మేము కాలాన్ని దూరంగా మార్చి కొలుస్తాం. ఒక లేజర్ పల్స్‌ను (క్షణమాత్రం వెలిగే కాంతి తునకను) రెండుగా చీల్చి, మొదటిది పదార్థంలో మార్పును ప్రారంభించేలా, రెండవది కొంత ఆలస్యంగా వచ్చి ఆ మార్పును పరిశీలించేలా అమరుస్తాం. రెండవ దాని దారిలోని అద్దాన్ని 1 మైక్రోమీటరు వెనక్కి జరిపితే, కాంతి వెళ్ళి రావలసిన దూరం 2 మైక్రోమీటర్లు పెరిగి, అది సుమారు 6.7 ఫెమ్టోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. బల్ల కొద్దిగా కంపించినా కొలత చెడిపోతుంది కనుక, మా శ్రమలో పెద్ద భాగం ఆ అద్దాన్ని నిశ్చలంగా ఉంచడానికే పోతుంది. రసాయన బంధాలు తెగే క్షణాలను ఇలా రెండు పల్స్‌లతో పరిశీలించినందుకే అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

అపోహ: ప్లాంక్ కాలమే కాలానికి కనిష్ఠ ప్రమాణమని రుజువైంది.

వాస్తవం: సుమారు 5.4×10⁻⁴⁴ సెకన్లనే ఆ విలువ ప్రకృతి స్థిరాంకాల నుంచి లెక్కగట్టినది. ఏ ప్రయోగమూ దాని దరిదాపులకు చేరలేదు.

అపోహ: కంటికి కనిపించే కాంతితోనే ఎంత చిన్న పల్స్‌నైనా తయారు చేయవచ్చు.

వాస్తవం: ఎర్రని కాంతి ఒక్కసారి డోలనం చెందడానికే రెండు ఫెమ్టోసెకన్లకు పైగా పడుతుంది, పల్స్ అంతకన్నా ఎంతో చిన్నదిగా ఉండడం సాధ్యం కాదు. ఈ హద్దును దాటే దారి 1987లో ఆన్ లూయిలియే, ఆమె సహచరులు ఫ్రాన్స్‌లో పరారుణ లేజర్‌ను జడవాయువు గుండా పంపినప్పుడు వెలువడిన, ఆ లేజర్ కన్నా పూర్ణాంక రెట్లు వేగంగా డోలనం చెందే కాంతి తరంగాలైన హార్మోనిక్‌లలో దొరికింది. 2001లో పియెర్ అగస్తీని బృందం ఒక్కొక్కటి 250 అటోసెకన్ల (అటోసెకను అంటే ఫెమ్టోసెకనులో వెయ్యోవంతు) నిడివి గల పల్స్‌ల వరుసను, ఫెరెంక్ క్రౌస్ బృందం 650 అటోసెకన్ల ఏకైక పల్స్‌ను సాధించాయి. ముగ్గురికీ 2023లో నోబెల్ వచ్చింది.

అపోహ: కాంతి పడిన తక్షణమే ఎలక్ట్రాను బయటికి వస్తుంది.

వాస్తవం: నియాన్ పరమాణువులో 2పి అనే శక్తిస్థాయిలోని ఎలక్ట్రాను 2ఎస్ అనే స్థాయిలోని ఎలక్ట్రాను కన్నా సుమారు 21 అటోసెకన్లు ఆలస్యంగా వెలువడుతున్నట్లు 2010లో కొలిచారు. సిద్ధాంత గణనలు అంతకన్నా తక్కువ విలువనే చూపడంతో ఏళ్ళ తరబడి చర్చ సాగింది. నియాన్‌లోనే జరిగే మరో అయనీకరణ ప్రక్రియ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు కొలతలో కలిసిపోయి ఉండవచ్చని 2017లో స్వీడన్‌లోని లండ్ బృందం చూపింది. వాటిని వేరు చేసి కొలిచినప్పుడు ప్రయోగమూ సిద్ధాంతమూ ఏకీభవించాయి.