మూర్ఛ మందు అరికాలి మంటకు ఎలా వచ్చింది

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఇరుక్కుని ఉన్న ఒక మందుల దుకాణం. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి, మడతల దగ్గర చిరిగిన చీటీ తీసింది. "బాబూ, ఆ నరాల బలం బిళ్లలు ఒక షీటు ఇవ్వు. రాత్రయితే చాలు, అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టే ఉంటున్నాయి" అంది. దుకాణంలోని కుర్రాడు చీటీ విప్పనైనా లేదు. "అవే కదా మామ్మగారూ" అంటూ షీటు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రీగబాలిన్ 75 మిల్లీగ్రాములు, దానితో కలిపి మిథైల్‌కోబాలమిన్.

మిథైల్‌కోబాలమిన్ బి12 విటమిన్‌కు ఒక రూపం. బలం అన్న మాట దానికి కొంత నప్పుతుందేమో. మంటను తగ్గించేది మాత్రం ప్రీగబాలిన్. అది నరానికి బలమివ్వదు. అతిగా అరుస్తున్న నరం గొంతు తగ్గిస్తుంది, అంతే. ఆ సంగతి తెలియడానికి శాస్త్రవేత్తలకు నూరేళ్లకు పైగా పట్టింది. మందు దొరికాక గానీ అది ఎక్కడ పనిచేస్తుందో తెలియలేదు.

ఆ కథ క్యాల్షియంతో మొదలవుతుంది. క్యాల్షియం అంటే మనకు ఎముకలే గుర్తొస్తాయి. 1883 ప్రాంతంలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేశాడు. తర్వాత చూస్తే, ద్రావణం కలిపింది స్వచ్ఛమైన నీటితో కాదు, కుళాయి నీటితో. స్వచ్ఛమైన నీటితో మళ్లీ చేస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీటిలోని క్యాల్షియమే దాన్ని ఆడించిందని అలా బయటపడింది.

నరాల విషయంలో క్యాల్షియం వంతు ఆలస్యంగా వచ్చింది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నరంలో విద్యుత్ సంకేతం ఎలా పరుగెత్తుతుందో సోడియం, పొటాషియంలతోనే లెక్కగట్టి చూపారు. మరుసటి ఏడాది ఫాట్, కాట్జ్ పీత కండరాన్ని పరీక్షిస్తే, సోడియం తీసేసినా సంకేతం పుడుతూనే ఉంది. అది క్యాల్షియం పని అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1960ల్లో కాట్జ్, మిలేడీ అసలు విషయం తేల్చారు. సంకేతం నరం కొసకు చేరగానే అక్కడి క్యాల్షియం ఛానెళ్లు, అంటే కణం గోడలో క్యాల్షియం లోపలికి వచ్చే తలుపులు, తెరుచుకుంటాయి. కణం బయట క్యాల్షియం లోపలికన్నా సుమారు పదివేల రెట్లు ఎక్కువ కాబట్టి రెప్పపాటు తెరిచినా లోపలికి దూసుకొస్తుంది. ఆ తాకిడికి రసాయనపు తిత్తులు పగిలి కబురు పక్క కణానికి అందుతుంది. కరెంటు భాషను రసాయన భాషలోకి మార్చే దుబాసీ అన్నమాట.

మందులు ముందు గుండె వైపు నుంచి వచ్చాయి. జర్మనీలో ఫ్లెకెన్‌స్టయిన్ 1960ల్లో వెరాపమిల్ క్యాల్షియం రాకను అడ్డుకుంటుందని చూపాడు. ఇప్పుడు ఇంటింటా కనిపించే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఈ కోవదే. (ఇది వేసుకునేవారు ఎముకల కోసం క్యాల్షియం బిళ్ల మింగితే రెండూ కొట్లాడుకుంటాయేమోనని భయపడతారు. ఆ బిళ్ల చేరేది ఎముకలకు, ఈ మాత్ర పట్టేది రక్తనాళాల గోడల్లోని ఛానెళ్లను.) మరి ఆమ్లోడిపిన్‌తో అరికాలి మంట ఎందుకు తగ్గదు?

జవాబు 1985లో కోడిపిల్ల నాడీకణాల్లో దొరికింది. నోవిక్కీ, ఫాక్స్, త్సియన్ అనే ముగ్గురు ఛానెళ్లు మూడు రకాలని తేల్చారు. చాలాసేపు తెరిచి ఉండేది ఎల్, క్షణికంగా తెరిచేది టి. అటూ ఇటూ కానిదానికి, ఇంగ్లీషులో 'రెండూ కాదు' అనే మాట మొదటి అక్షరంతో ఎన్ అని పేరు పెట్టారు. అటూ ఇటూ కానిదే నొప్పి కబురు మోసే ముఖ్యుడు కావడం తమాషా. బీపీ మాత్రలు ఎల్ మీద పనిచేస్తాయి, ఎన్‌ను పెద్దగా తాకవు.

మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు చూస్తే ఈ దారి తెలుస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ చర్మంలోని నరం కొసలో టీఆర్‌పీవీ1 అనే వేరే ద్వారాన్ని తెరుస్తుంది. మంట సంకేతం వెన్నుపాము దాకా పరుగెత్తుతుంది. అక్కడ తర్వాతి కణానికి కబురు చేరాలంటే ఎన్ రకం ఛానెల్ తెరుచుకోవాలి. మధుమేహంలో అరికాళ్లు మండడానికి మిరపకాయ అవసరం లేదు. దెబ్బతిన్న నరమే ఊరికే సంకేతాలు పంపుతుంది, అవీ ఆ గుమ్మం దాటే వెళ్లాలి.

ఆ గుమ్మాన్ని నేరుగా మూసే మందు ఒక సముద్రపు నత్త విషంలో దొరికింది. చేపను కుట్టి కదలకుండా చేసే నత్త అది. ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒలివేరా బృందం ఆ విషంలోంచి 25 అమైనో ఆమ్లాల గొలుసును వేరుచేసింది. ప్రయోగశాలలో తయారుచేసిన దాని రూపం జికొనొటైడ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే దాన్ని పంపుతో వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి ఎక్కించాలి. కొందరికి మతిభ్రమ కూడా కలుగుతుంది. కొంగుముడిలో కట్టుకునే మందు కాదు.

బిళ్ల రూపంలో వచ్చింది మరో దారిలో. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని పోలిన మందు చేయాలని 1970ల్లో జర్మనీలో గాబాపెంటిన్ తయారుచేశారు. 1993లో మూర్ఛకు అమెరికాలో అనుమతి వచ్చింది. తీరా చూస్తే అది గాబాను అందుకునే గ్రాహకాలకు అతుక్కోనే అతుక్కోదు. 1996లో కేంబ్రిడ్జి పరిశోధకులు పంది మెదడులో వెదికితే, క్యాల్షియం ఛానెల్‌కు తోడుండే ఆల్ఫా2డెల్టా అనే ప్రోటీన్‌కు అతుక్కుంటోందని తేలింది. ప్రీగబాలిన్ కథా అంతే. అమెరికాలో సిల్వర్‌మన్ ప్రయోగశాల గాబాను పెంచుదామని దాన్ని తయారుచేసింది. అదీ ఆల్ఫా2డెల్టానే పట్టుకుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ రెండుసార్లూ ఒకే కోతి వచ్చింది, అదే పనికొచ్చింది.

ఆల్ఫా2డెల్టా తలుపు కాదు, తలుపును మోసుకొచ్చి నరం కొసన బిగించే కూలీ. నరం దెబ్బతింటే ఈ కూలీలు పెరుగుతారని ఎలుకల్లో చూశారు. మందు తలుపులకు గడియ వేయదు, కూలీని పట్టుకుంటుంది. దాంతో నరం కొసకు చేరే తలుపులు తగ్గుతాయి.

మూర్ఛ నుంచి నొప్పికి మారిన దారి అంత శుభ్రమైనదేమీ కాదు. గాబాపెంటిన్‌ను అనుమతి లేని జబ్బులకు ప్రచారం చేసిన కేసులో వార్నర్ లాంబర్ట్ కంపెనీ 2004లో తప్పు ఒప్పుకుంది. 43 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. మధుమేహపు నరాల నొప్పికి ప్రీగబాలిన్ మాత్రం పరీక్షలు నెగ్గి అదే ఏడాది అనుమతి పొందింది. దానికి అలవాటు పడే ముప్పు ఉందని 2005లో అమెరికా, 2019లో బ్రిటన్ నియంత్రిత మందుల జాబితాలో చేర్చాయి. తల తిరగడం, మత్తు, కాళ్ల వాపు మామూలే. హఠాత్తుగా ఆపకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలి.

కొత్తపేట బల్ల దగ్గర నాకు గుర్తొచ్చింది ఇంకోటి. ప్రీగబాలిన్ దాదాపు మొత్తం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. మధుమేహం అరికాళ్లను కాల్చినట్టే కిడ్నీలనూ తినేస్తుంది. కిడ్నీలు మందగిస్తే మోతాదు తగ్గించాలి, లేకపోతే మందు ఒంట్లో పేరుకుని పెద్దవాళ్లు తూలిపడతారు. మామ్మగారు డబ్బులు లెక్కపెడుతుండగా చీటీ తీసుకుని చూశాను. తేదీ మూడేళ్ల నాటిది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఊసే లేదు. "ఈమధ్య కళ్లు తిరుగుతున్నాయి బాబూ, దానికీ ఏదైనా బిళ్ల ఇస్తావా?" అని ఆవిడ కుర్రాణ్ణి అడుగుతోంది.