బెజవాడ బ్రిడ్జీల మరమ్మతులు: అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక కాలువ బ్రిడ్జి మీద జాయింటు పని చేయిస్తుంటే ఆటో ఆయన బండి నెమ్మది చేసి మరీ అడిగాడు: "పోయినేడే కదా సార్ తారేశారు, మళ్లీ తవ్వుతున్నారేంటి? జనం పన్నులు ఊరికే వస్తున్నాయా?" వెనక హారన్లు మోతెక్కిపోతున్నాయి. ఏదో చెప్పబోయేలోపు ఆయన వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్లుగా బ్రిడ్జీల మరమ్మతే నా బతుకుదెరువు. ఆయన కోపంలో సగం న్యాయమే. మిగతా సగం, మేం నోరు విప్పి చెప్పకపోవడం వల్ల వచ్చింది. ఇలాంటి మాటలు సైటు మీద రోజూ వింటాను. వాటికి జవాబులివి.

అపోహ: "తారు వేస్తే బ్రిడ్జి బాగుపడినట్టే."

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసింది ఈ అపోహే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఎండకి కాంక్రీటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 30 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య ఉండే బ్రిడ్జి భాగం) తీసుకోండి. జనవరి తెల్లవారుజాముకీ మే మిట్టమధ్యాహ్నానికీ కాంక్రీటు వేడిలో 30 డిగ్రీల తేడా ఉంటే ఆ స్పాన్ దాదాపు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన బెజవాడ ఎండలకి ఆ 30 డిగ్రీల తేడా పెద్ద లెక్కేం కాదు. ఆ కదలికకి చోటివ్వాలనే స్లాబుకీ స్లాబుకీ మధ్య ఖాళీ వదిలి ఎక్స్‌పాన్షన్ జాయింటు పెడతారు. బండి దాటేటప్పుడు 'టకటక' మనేది అదే. ఆ చప్పుడు పోవాలని జాయింటు మీద తారు కప్పేస్తే మొదటి ఎండకే చీలుతుంది. మొదటి వానకి నీళ్లు ఆ చీలికలోంచి దిగి పియర్ (బ్రిడ్జిని మోసే స్తంభం) నెత్తి మీద, దూలాల చివర్ల మీద, వాటి కింద దిమ్మల్లా ఉండే బేరింగుల మీద నిలుస్తాయి. కాంక్రీటు లోపలి ఇనుప ఊచకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటుని లోపల్నించి తన్నేస్తుంది. కింద పెచ్చులూడి ఊచలు కనపడేసరికి ఆ జబ్బు మొదలై ఏళ్లయి ఉంటుంది.

ఇంకోటి, బరువు. 5 సెంటీమీటర్ల మందాన తారు వేస్తే చదరపు మీటరుకి సుమారు 115 కిలోలు. 30 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు ఉన్న స్పాన్ మీద 26 టన్నులు. అంటే ఇసుక నింపిన పది టైర్ల లారీ ఒకటి రాత్రీ పగలూ అక్కడే ఆగి ఉన్నట్టు. పాత తారు చెక్కకుండా నాలుగుసార్లు పొరమీద పొర వేస్తే అలాంటివి నాలుగు లారీలు. నీళ్లు పోయే గొట్టాలూ ఆ పొరల కిందే కప్పబడిపోతాయి. కాబట్టి ఈసారి ఎవరైనా పాత తారు చెక్కుతుంటే దయచేసి తిట్టకండి. చెక్కకుండా కొత్తది వేస్తుంటే మాత్రం ఆపి అడగండి.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెద్దవాళ్లెవరో ఆ దారిన వస్తున్నారని రాత్రికి రాత్రి జాయింట్లు మూసి తారు పరిపించేశారు. వద్దనడానికి నాకు ధైర్యం చాల్లేదు, సంతకం పెట్టాను. శ్రావణమాసం వచ్చేసరికి మూసిన ప్రతిచోటా అడ్డంగా గీత. మళ్లీ తవ్వాం, మళ్లీ బిల్లు. ఆటో ఆయన లాంటి వాళ్లకి కడుపు మండేది సరిగ్గా ఇక్కడే. అందులో తప్పేం లేదు.

అపోహ: "ఒక రబ్బరు దిమ్మ మార్చడానికి అన్ని లక్షలా?"

దూలానికీ పియర్‌కీ మధ్య ఉండే బేరింగు చూడ్డానికి రబ్బరు దిమ్మే, మధ్యలో ఉక్కు రేకులుంటాయి. ఖర్చులో దాని వాటా తక్కువ. వందల టన్నుల స్లాబుని కొద్ది మిల్లీమీటర్లు పైకెత్తాలి. జాకీలన్నీ ఒక్కసారే, ఒకే ఎత్తు లేవాలి. ఒకటి ముందు లేచినా దూలం పగలొచ్చు. దానికోసం కింద స్టేజింగు (బరువు మోసే తాత్కాలిక చట్రం), పైన రాత్రిపూట ట్రాఫిక్ మళ్లింపు.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో నీళ్లు పారుతుంటే కింద స్టేజింగు వెయ్యడం కుదరదు. వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేసినప్పుడే పని. మళ్లీ సాగుకి నీళ్లు వదిలేలోపు ముగించాలి. మార్చి నెలాఖరుకి ఆర్థిక సంవత్సరం అయిపోతుంది, కొత్త మంజూరు వచ్చి టెండరు ఖరారయ్యేసరికి సగం వేసవి పోతుంది. మిగిలిన రోజుల్లో కింది పని తెమలదు. పైన తారూ రంగూ అయితే ఏ నెలలోనైనా అవుతాయి. డబ్బు అటు మళ్లడానికి ఈ క్యాలెండరు కూడా ఒక కారణం.

ఆ కింది భాగాలు ఎంత ముఖ్యమో చూడండి. 2025 జూలై 9న గుజరాత్‌లో కూలిన గంభీరా వంతెన 1985లో వాడుకలోకి వచ్చింది. నలభై ఏళ్లే. పీడెస్టల్ (బేరింగు కింద ఉండే దిమ్మ), ఆర్టిక్యులేషన్ (బ్రిడ్జి భాగాలు ఒకదాని మీద ఒకటి ఆనే చోటు) నలిగిపోవడమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రాథమికంగా చెప్పింది. రెండూ రోడ్డు మీద పోయేవాళ్లకి కనపడని చోట ఉండేవే.

అపోహ: "కాటన్ దొర కాలంలో కట్టినవి చూడండి, పైసా ఖర్చు లేకుండా నిలబడ్డాయి."

మన ఊరే దీనికి జవాబు. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో గండి పడింది. ఆ తర్వాతే, 1957లో, 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పాత రాతి కట్టడాలు ఎక్కువకాలం నిలిచిన మాట నిజం. రాతి కమానులో అన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి, తుప్పు పట్టడానికి లోపల ఇనుము ఉండదు. కానీ వాటి సందుల్లో గచ్చు నింపుతూ, మొలిచిన చెట్లు కొట్టిస్తూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేవాళ్లు.

చెట్లంటే గుర్తొచ్చింది. బ్రిడ్జికి నేను చూసిన బద్ధశత్రువు రావి మొక్క. పక్షి రెట్టతో విత్తనం వచ్చి పడుతుంది, వేరు జాయింటులోకి దిగుతుంది. చిటికెనవేలంత ఉన్నప్పుడు పీకిస్తే పైసా ఖర్చు లేదు. అయితే మేస్త్రి "రావిచెట్టు సార్, నేను ముట్టను" అంటాడు. ఒకసారి పసుపూ కుంకుమా పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు కోశాం. పెరిగాక కోస్తే చాలదు, వేరుకి మందు పెట్టాలి. లేకపోతే మరుసటేడు మళ్లీ చిగురేస్తుంది.

అపోహ: "లారీ పోతుంటే ఊగుతోంది, ఇవాళో రేపో కూలుద్ది."

ఊగాలి. ఊగని బ్రిడ్జి లేదు. నిన్నటి కంటే ఇవాళ తేడాగా ఊగితే, జాయింటు దగ్గర ఒక పక్క దిగినట్టుంటే, రెయిలింగు గీత వంకరపోతే అప్పుడు భయపడాలి. వరద తీశాక పునాదుల దగ్గర మట్టి కోసుకుపోయిందేమో చూడటం కూడా తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లని (గేటు ఎత్తడానికి తోడుగా ఉండే బరువు దిమ్మలు) గుద్దాయి. ఆ దెబ్బ అందరికీ కనపడింది కాబట్టి మరమ్మతు వెంటనే జరిగింది. నీటి కింద కోత అలా కనపడదు.

అపోహ: "ఊళ్లో ఉన్నవన్నీ కార్పొరేషన్ బ్రిడ్జీలే."

కాదు. బ్యారేజీ జలవనరుల శాఖది. కనకదుర్గ వారధి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ జాతీయ రహదారి మీదివి. రైలు పట్టాల మీద స్పాన్ ముట్టుకోవాలంటే రైల్వే వాళ్లు బ్లాక్ ఇవ్వాలి, అంటే కాసేపు ఆ పట్టాల మీద రైళ్లు ఆపాలి. కాలువ బ్రిడ్జి మున్సిపాలిటీదైనా కింద కాలువ ఇరిగేషన్‌ది. "మాది కాదండీ" అని మీకు చెప్పినవాళ్లు కొన్నిసార్లు నిజమే చెప్తున్నారు.

అపోహ: "అడిగినా చెప్పరు."

ఆఫీసు ఏదో తెలియకపోయినా పర్వాలేదు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు తప్పు ఆఫీసులో పడితే, వాళ్లే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. జవాబుకి 30 రోజులు గడువు. "ఎంత ఖర్చు పెట్టారు" అని ఒక్క ముక్క అడిగితే ఒక అంకె వస్తుంది, అంతే. అంచనా ప్రతి, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చివరిసారి చేసిన తనిఖీ రిపోర్టు అడగండి. ఎం-బుక్‌లో ఏ పని ఎన్ని మీటర్లు, ఎంత మందం అన్నీ ఉంటాయి. జాయింట్ల పొడవు ఎంత, పిట్టగోడ రంగు ఎన్ని చదరపు మీటర్లు అన్నవి పక్కపక్కన పెట్టుకుంటే డబ్బు కిందికి పోయిందో పైకి పోయిందో మీకే తెలుస్తుంది. ఇనుప రెయిలింగుకి రంగు అవసరమే, తుప్పు పట్టదు. కాంక్రీటు పిట్టగోడకి మూడు రంగులు వెయ్యడం మాత్రం నా లెక్కలో మరమ్మతు కాదు.

అదే చట్టం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. ఇన్నేళ్లలో నా సైటుకి అలా వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. వచ్చేవాళ్లు కాలువ కట్టేసిన నెలల్లో, పొద్దున్నే, ఎండెక్కకముందే రండి. టార్చి తెచ్చుకోండి, దూలాల చివర్లు పగలు కూడా చీకటిగానే ఉంటాయి.