పీహెచ్‌సీ నాణ్యత, నిపుణుల ఏకాభిప్రాయం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) పనితీరును కొలిచే నాణ్యతా సూచికలను నిపుణుల ప్యానెల్‌తో ఎంచుకునే పనిలో ఈ మాటలు తరచూ వినిపిస్తాయి.

అపోహ: అందరినీ కూర్చోబెట్టి చేతులెత్తిస్తే ఏకాభిప్రాయం వచ్చినట్టే.

అలా తేలేది గదిలో పెద్ద డాక్టరుగారి అభిప్రాయమే. నిపుణుల ఏకాభిప్రాయం కోసం వాడే డెల్ఫీ పద్ధతిలో ప్రతి సూచికకూ ఎవరు ఎన్ని మార్కులు వేశారో మిగతావారికి తెలియదు. మొదటి విడత ఫలితం చూపించి రెండోసారి వేయిస్తారు. ఇదే పనికి వాడే ర్యాండ్-యూసీఎల్‌ఏ అనే మరో పద్ధతిలో మధ్యలో ముఖాముఖి చర్చ ఉన్నా, మార్కులు మాత్రం ఎవరికి వారే వేస్తారు.

అపోహ: 9కి 7 వస్తే సూచిక ఖాయం.

మార్కులు 1 నుంచి 9 వరకు వేస్తారు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. "జ్వరంతో వచ్చినవారికి అదే రోజు మలేరియా పరీక్ష" అనే సూచికకు తొమ్మిది మంది వేసిన మార్కులు 2, 2, 3, 7, 7, 8, 8, 8, 9 అనుకుందాం. మధ్యస్థం (వరుసలో సరిగ్గా నడిమి మార్కు) 7. అయినా ముగ్గురు 1-3లో, ఆరుగురు 7-9లో ఉన్నారు. తొమ్మిది మంది ప్యానెల్‌లో రెండు కొసల్లోనూ కనీసం ముగ్గురేసి ఉంటే అది భిన్నాభిప్రాయమే, సూచిక "అనిశ్చితం" కిందకు వెళ్తుంది. తక్కువ వేసినవారు కొండ మీది సబ్‌సెంటర్ల ఏఎన్‌ఎంలైతే, కారణం చాలాసార్లు కిట్ల కొరతే తప్ప పరీక్ష అనవసరమని కాదు. అందుకే "ఇది ముఖ్యమా?", "ఇక్కడ కొలవగలమా?" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి, రెండింటికీ వేర్వేరు మార్కులు వేయించాలి. ఒకే గడిలో రెండూ కలిపితే ముఖ్యమైన సూచికే ముందుగా జారిపోతుంది.

అపోహ: ప్యానెల్ నిండా స్పెషలిస్టులుంటేనే విలువ.

రిజిస్టరు రాసేది ఏఎన్‌ఎం, ఇల్లిల్లూ తిరిగేది ఆశా కార్యకర్త. వాళ్లు లేని ప్యానెల్ ఆసుపత్రి సూచికలనే ఎంచుకుంటుంది.

అపోహ: ప్యానెల్ ఒప్పుకున్న వాక్యమే కొలత.

"బీపీ అదుపులో ఉన్నవారి శాతం" అంటే సరిపోదు. రిజిస్టరులో 100 మంది ఉన్నారనుకుందాం, ఈ త్రైమాసికంలో 60 మంది వచ్చారు, వారిలో 45 మందికి 140/90 కంటే తక్కువ ఉంది. వచ్చినవారితో భాగిస్తే 75 శాతం, నమోదైనవారితో భాగిస్తే 45. మా మాట రెండోదే. మందు మానేసినవారు లెక్కలోంచి తప్పుకుంటే కేంద్రం ఊరికే మెరుగ్గా కనిపిస్తుంది. రాయగడ జిల్లా గుణుపూర్ వైపు ఇంకో చిక్కుంది: కొందరు సరిహద్దు దాటి ఆంధ్రలోని పార్వతీపురంలో మందులు తెచ్చుకుంటారు. అక్కడి చీటీ చూపిస్తే వచ్చినట్టా, రానట్టా అన్నది ముందే రాసిపెట్టాలి. చనిపోయినవారిని, ఊరు వదిలినవారిని ఎప్పుడు తీసేయాలో కూడా.

ఆ తర్వాత ఇద్దరికి ఒకే 30 రికార్డులిచ్చి విడివిడిగా లెక్కించమనండి. అంకెలు తేడా వస్తే ఏ రికార్డు దగ్గర విడిపోయారో చూసి నియమాన్ని సరిచేయండి. కొత్త 30 రికార్డులతో మళ్లీ చేయించాకే దాన్ని అన్ని కేంద్రాలకూ పంపాలి.